రెండు వైపులా సమం

టేపు ముట్టకుండా మనిషి కొలత చెప్పగలిగిన దర్జీ ఈ భూమ్మీద ఒక్కడే పుట్టాడు. ఆయన మా ఎదురింట్లో ఉంటాడు, అందరూ మాస్టరు అంటారు. ఈ మాట ఎవరి ముందైనా గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతాను. ఒకసారి మా స్టేషనులో రైలు రెండు నిమిషాలు ఆగింది. కిటికీలో కనిపించిన ఒక పెద్దమనిషిని మాస్టరు అలా చూసి, ఇంటికొచ్చి కోటు కుట్టి, ఆయన దిగే ఊరికి పార్సిలు చేశాడు. అది అతికినట్టు సరిపోయిందని నాలుగో రోజున ఉత్తరం వచ్చింది. అంతటి కన్ను ఆయనది. ఆ కన్ను డెబ్బై మూడేళ్ళలో ఒక్కసారి కూడా తడవలేదు. అదీ రాసిపెట్టుకోండి.

ఇది ఆ మాస్టరు కూతురి కథ. ఆవిడని వీధంతా కత్తెరమ్మ అంటుంది. చేతిలో కత్తెర ఎంత పదునో నోట్లో మాట అంత పదును. నలభై రెండేళ్ళు. కింద దుకాణం, పైన ఇల్లు, మధ్యలో పదమూడు మెట్లు.

ఆ మంగళవారం కూడా అన్ని పొద్దుల్లాగే మొదలైంది. షట్టరు సగం ఎత్తి ఉంది. కత్తెరమ్మ బల్ల మీద బడిపిల్లల చొక్కాల గుడ్డ ఎనిమిది పొరలుగా పరిచి సుద్దతో గీతలు గీస్తోంది. మాస్టరు కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని కాజాలు కుడుతున్నాడు. చూపు మందగించినా కాజాల పని మాత్రం ఎవరికీ వదలడు. లిఫ్టులు బాగుచేసే అల్లుడు టీ గ్లాసుతో నిలబడి స్క్రూడ్రైవరు కోసం జేబులన్నీ తడుముకుంటున్నాడు. అది రోజూ ఉండే చోటే, ఆయన చెవి మీదే ఉంది.

మనవరాలు మెట్లు దిగి వచ్చింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. పుట్టినప్పుడు గుండ్రంగా ఉందని తాత "గుండీ" అన్నాడు, అదే పేరైపోయింది.

"అమ్మా, నీకు ప్రేమలేఖ. సీలు కూడా వేశారు," అంది కవరు ఊపుతూ.

కత్తెరమ్మ కవరు అంచుని కత్తెరతో ఒక్క గీతలో తెరిచింది. నిలబడే చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. తర్వాత కాగితాన్ని మడిచి ఇస్త్రీ పెట్టె కింద పెట్టింది.

"ఏమంటున్నారు?" అన్నాడు భర్త.

"ఏమీ అనడం లేదు. అదే గొడవ."

రెండు వారాల క్రితం ఆవిడ రొమ్ము పరీక్ష చేయించుకుంది. దుకాణానికి వచ్చే టీచరమ్మ పోరగా పోరగా వెళ్ళింది, అంతే. ఫలితం బాగుందని రాస్తారనుకుంది. బాగాలేదని రాసినా ఏడవడానికి ఒక దారి ఉండేది. కాగితంలో ఉన్నది ఆ రెండూ కాదు. కణజాలం దట్టంగా ఉంది కాబట్టి బొమ్మ సరిగ్గా తెలియడం లేదు, ఎడమ వైపు ఒక నీడ ఉంది, అది ఏమిటో చెప్పలేం, గురువారం మళ్ళీ రండి అని ఉంది. కింద ఇంకో ముక్క ఉంది. తల్లి వైపు గానీ తండ్రి వైపు గానీ ఈ జబ్బు ఎవరికైనా వచ్చి ఉంటే, ఎవరికి, ఏ వయసులో వచ్చిందో కనుక్కుని రావాలి.

"అమ్మ వైపు ఎవరికీ లేదు. పరీక్షకి వెళ్ళినప్పుడు నింపమన్న కాగితంలో నాన్న వైపు గడి లేదని కొట్టేశాను. ఇది నాన్నల నుంచి వచ్చే జబ్బా ఏమన్నానా?" అంది కత్తెరమ్మ.

కిటికీ దగ్గర సూది కాజా తప్పి మాస్టరు బొటనవేల్లో దిగింది. ఆయన అబ్బా అనలేదు. వేలు నోట్లో పెట్టుకున్నాడు.

"చాల్లే అమ్మాయీ," అన్నాడు కాసేపటికి. "తెలియదు అని రాయడానికి ఒక మెషిను, దానికో కాగితమూ. యాభై ఏళ్ళు మనుషుల్ని చూసిన కన్ను ఇది. నీ ఒంట్లో తేడా ఉంటే నాకు తెలియదా?"

"తెలుస్తుందా నాన్నా?"

"నీకేం లేదు. మళ్ళీ వెళ్ళక్కర్లేదు."

కత్తెరమ్మకి ఆ మాటే కావాలి. శుక్రవారం పొద్దునకి బడి చొక్కాలు ఇవ్వాలి కదా, వచ్చే నెల చూద్దాం అంది. భర్త నోరు తెరవబోతే, "మీ స్క్రూడ్రైవరు చెవి మీద ఉంది, ముందు అది చూసుకోండి," అంది. ఆయన చూసుకున్నాడు. కాని వెళ్ళలేదు. గుమ్మంలో నిలబడి ఇస్త్రీ పెట్టె వంకే చూశాడు.

ఆ రోజంతా కత్తెరమ్మ గీత గీస్తూ గీస్తూ ఆగిపోయేది. కుడి చెయ్యి తనకి తెలియకుండానే ఎడమ చంక కిందికి వెళ్ళి, ఎవరో చూసినట్టు వెనక్కి వచ్చేసేది. సాయంత్రం చొక్కా చేతులు కత్తిరించింది. కత్తిరించాక చూస్తే ఎనిమిది పొరలకి ఎనిమిదీ ఎడమ చేతులే. ఇరవై ఏళ్ళలో అలాంటి తప్పు ఆవిడ చేతిలో జరగలేదు. గుండీ నవ్వబోయి తల్లి మొహం చూసి మానుకుంది.

"అమ్మా, గురువారం నేను తోడొస్తాను."

"నేను వెళ్తానన్నానా?"

"అందుకే వస్తానంటున్నా."

బుధవారం మధ్యాహ్నం బస్సు నడిపే ఒకావిడ కోటు కుట్టించుకోవడానికి వచ్చింది. చిన్నప్పుడు పడటం వల్ల ఒక భుజం కిందికి జారి ఉంది. మామూలు కొలతతో కుడితే కాలరు పక్కకి లాగేస్తుంది. కత్తెరమ్మకి అది కొత్త కాదు. వాలు భుజం కత్తిరింపు ఆవిడకి పన్నెండో ఏట నాన్న నేర్పిందే. కొలత తీసుకుని బస్సావిడని పంపించి, ఒకసారి చూసుకుందామని అటక మీది పాత కొలతల పుస్తకం దింపింది.

ఆ పేజీ ఎక్కడుందో వేళ్ళకి తెలుసు. పైన "చెల్లాయి, వాలు భుజం" అని నాన్న చేతిరాత. తన మేనత్త కొలతలు. అత్త కత్తెరమ్మకి బాగా గుర్తుంది. నిటారుగా కూర్చునేది, గలగలా నవ్వేది. ముద్దొస్తే మాత్రం ఎప్పుడూ కుడి వైపుకే లాక్కుని హత్తుకునేది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పోయిందని ఇంట్లో చెప్పారు. ఆ పోయిన ఏడాదే నాన్న ఈ పేజీ పెట్టి పాఠం చెప్పాడు.

ఇన్నేళ్ళూ ఆ పేజీని ఆవిడ చదవలేదు. గుర్తు తెచ్చుకునేది, అంతే. ఈ రోజు ఇస్త్రీ పెట్టె కింది కాగితం మనసులో ఉంది కాబట్టి చదివింది.

కుడి భుజం అయిదు అంగుళాలు. ఎడమ భుజం అయిదు అంగుళాలు.

వాలు ఎక్కడ?

కిందికి చూసింది. ఛాతీ దగ్గర కుడి ముక్కకి రొమ్ముకి చోటిచ్చే మడత కుట్టు ఉంది, ఎడమ ముక్కకి లేదు. ఎడమ వైపు మెత్తటి లోగుడ్డ, దాని పక్కన "దూది గుప్పెడు, కుట్టు లోపలికి తగలకూడదు" అని సన్నటి అక్షరాలు. పక్కన తేదీ. అప్పటికి అత్తకి ముప్పై ఆరేళ్ళు.

కత్తెరమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. దర్జీ పని తెలిసిన ఎవరికైనా ఆ పేజీ చూడగానే సంగతి అర్థమవుతుంది. ముప్పై ఏళ్ళుగా అర్థం కానిది తనొక్కదానికే. చదవడం నేర్పినవాడే తప్పుగా నేర్పాడు మరి.

అయిదింటికి షట్టరు పూర్తిగా దించేసింది. లిఫ్టాయన అప్పుడే పని నుంచి వచ్చి, తల వంచి లోపలికి దూరాడు. గుండీ మెట్ల మీద కూర్చుంది. కత్తెరమ్మ పుస్తకాన్ని తండ్రి ఒళ్ళో పెట్టింది.

"వాలు భుజం పాఠం మళ్ళీ చెప్పు నాన్నా."

మాస్టరు కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. "ఇప్పుడెందుకది?"

"భుజాలు రెండూ అయిదే. వాలు ఎక్కడుందో చూపించు."

"రాసేటప్పుడు పొరపాటు పడి ఉంటాను."

"నువ్వా? దూది గుప్పెడు కూడా పొరపాటేనా?"

"అప్పట్లో అదొక ఫ్యాషను."

"తాతా," అంది గుండీ మెట్ల మీంచి, "ఒక్క వైపుకేనా ఫ్యాషను?"

మాస్టరు లేచి నిలబడ్డాడు. ఆయనకి కోపం వస్తే ముందు గొంతు తగ్గుతుంది. "మా వైపు సంగతులు నీకెందుకు? ఆడవాళ్ళ జబ్బు తండ్రి నుంచి ఎలా వస్తుంది? నాకేమైనా ఉందా? నువ్వు మీ అమ్మ పోలిక. నీకేం లేదని చెప్పానుగా. నా కన్ను ఏనాడైనా తప్పిందా?"

"నీ కన్ను సంగతి నాకు చెప్పకు నాన్నా." అంది కత్తెరమ్మ. "మనిషి గుమ్మంలోకి రాగానే కబుర్లతో కూర్చోబెట్టేవాడివి. అమ్మ తలుపు వెనక వాళ్ళు మాదిరికి తెచ్చిన పాత చొక్కా టేపుతో కొలిచి చీటీ నీ అరచేతిలోకి పంపేది. చీటీలు మోసింది నేను."

ఇక్కడ కథ ఒక్క క్షణం ఆపి నా లెంపలు వేసుకోవాలి. మొదట్లో నేను గొప్పగా చెప్పిన కన్ను ఇదే. రైలు కోటు కూడా చంకల్లో పట్టేసిందని తిరుగు పార్సిల్లో వచ్చేసింది. ఆ కోటు నాకు సరిపోయిందని ఇప్పటికీ చలికాలంలో వేసుకుంటున్నాను. చేతులు మాత్రం పైకెత్తను.

"ఫోను చేసి నర్సుని అడిగాను," అంది కత్తెరమ్మ. "తండ్రి వైపు నుంచి కూడా వస్తుందట. మగవాళ్ళకి ఏమీ కనపడకపోయినా కూతుళ్ళకి చేరుతుందట. నేను ఆ గడి కొట్టేశాను నాన్నా. అబద్ధం రాసి ఇచ్చాను. నీడ ఏమిటో తెలియదన్నారు, ఎందుకు తెలుస్తుంది? సగం కొలతలు ఇచ్చి చొక్కా కుట్టమన్నాను వాళ్ళని."

మాస్టరు కూర్చున్నాడు. స్టూలు కిర్రుమంది. పైన కుక్కరు కూత పెట్టింది. ఎవరూ లేవలేదు.

"కుట్టు బయటికి కనపడకూడదు అన్నయ్యా, అంది," అన్నాడు చివరికి. "నా చెల్లెలు. ఆపరేషను అయ్యాక ఈ స్టూలు మీదే కూర్చుంది. ఎవరికీ తెలియకూడదని నా చేత ఒట్టు వేయించుకుంది. మూడేళ్ళు బతికింది. ఎవరూ కనిపెట్టలేదు. అంత బాగా కుట్టాను."

"ఇంకెవరికైనా వచ్చిందా మామయ్యా?" అన్నాడు లిఫ్టాయన నెమ్మదిగా.

"మా అమ్మకి. అప్పుడు నాకు పదహారేళ్ళు, ఆవిడకి ముప్పై తొమ్మిది. అప్పట్లో దానికి పేరు కూడా చెప్పలేదు ఎవరూ." మాస్టరు కూతురి వైపు చూడకుండా చెప్పాడు. "ఇద్దరూ నలభై దాటలేదు. అందుకే నువ్వు నలభై దాటిన రోజు..."

ఆ రోజు వీధి మొత్తానికి తెలుసు. రెండేళ్ళ క్రితం మాస్టరు ఉన్నట్టుండి ఐస్‌క్రీం బండిని ఆపి, ఉన్నదంతా కొనేసి, కనిపించినవాడికల్లా పంచాడు. నాకు రెండు ఇచ్చాడు. ఎందుకని అడిగితే ఎండగా ఉంది అన్నాడు. ఆ రోజు వాన.

"గండం గడిచిందనుకున్నావా?" అంది కత్తెరమ్మ.

ఆయన లేచి, గుండీల డబ్బాల వెనక నుంచి చిన్న నోటు పుస్తకం ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. గుండీ దిగి వచ్చి తెరిచింది. ఏటా ఒక పేజీ. పైన "అమ్మాయి" అని, కింద ఎడమ ఇంత, కుడి ఇంత. దాని కింద ఒకే మాట. సమం.

"తాతా, ఇవేం కొలతలు?"

"మీ అమ్మ పుట్టినరోజుకి ఏటా కొత్త రవిక కుడతానుగా. మాదిరి కోసం అని పాతది అడుగుతాను. మాదిరి కోసం కాదు. బల్ల మీద పరిచి రెండు వైపులా టేపు పెట్టి చూస్తాను. ఏడాది ఒంటి మీద ఉన్న గుడ్డ ఒళ్ళు ఎలా ఉంటే అలా సాగుతుంది. ఒక వైపు కుట్టు లాగిందేమో, ఒక వైపు వదులైందేమో." ఆయన వేలు పేజీల మీద ఆగి ఆగి నడిచింది. "పదకొండేళ్ళు. పావు అంగుళం తేడా లేదు. కంటితో కాదమ్మా, టేపుతోనే చూశాను. నీ విషయంలో కంటిని నమ్మలేదు."

కత్తెరమ్మ ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంది. సమం. సమం. సమం. పదకొండు పుట్టినరోజులు. కొత్త రవిక ఇస్తూ ఆయన ప్రతిసారీ ఒకటే మాట అనేవాడు: నీ ఒంటికి గుడ్డ కూడా ఇష్టపడి అతుక్కుంటుంది. ముసలాయన చాదస్తం అని నవ్వేసేది. ఆ రవికలు బాగున్నాయని ఒక్కసారైనా అన్నదా అంటే గుర్తు రాలేదు.

"లోపల ఉన్నది గుడ్డకి తెలియదు నాన్నా," అంది. అప్పటిదాకా బిగబట్టుకున్నది అక్కడ తెగింది. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

మాస్టరు చెయ్యి ఆవిడ తల మీదికి వచ్చి, ఆనకుండా గాలిలోనే ఆగింది. "నా నుంచి వచ్చిందని తేలితే నీ మొహం ఎలా చూడను? అందుకే వద్దన్నాను. వెళ్ళవద్దన్నది నీ కోసం కాదు. నా కోసం."

"నీ నుంచి నాకు ఏమేం వచ్చాయో తెలుసా?" తల ఎత్తకుండానే అంది కత్తెరమ్మ. "ఈ చేతులు వచ్చాయి. ఈ నోరు వచ్చింది. దీన్ని ఒక్కదాన్ని తిరిగి తీసుకోమంటే ఎలా? చెయ్యి పెట్టు నాన్నా, అలా గాల్లో ఎంతసేపు ఆడిస్తావు?"

ఆ చెయ్యి దిగింది. లిఫ్టాయన ఎందుకో షట్టరు వైపు తిరిగి, తిన్నగా ఉన్న గొళ్ళేన్ని స్క్రూడ్రైవరుతో బిగించడం మొదలుపెట్టాడు.

గురువారం పొద్దున నలుగురూ వెళ్ళారు. మాస్టరు ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండు పుస్తకాలూ చంకలో పెట్టుకున్నాడు. పరీక్ష గదుల ముందు పొడవాటి వరండా, గోడకి వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. వాటిలో కూర్చున్న ఆడవాళ్ళెవరూ పక్కవాళ్ళ వంక చూడటం లేదు. లోపల డాక్టరమ్మ వయసులో చిన్నది. కళ్ళ కింద మాత్రం పెద్ద వయసు ఉంది.

"తండ్రి వైపు లేదని రాశారు కదా?" అంది కాగితం చూస్తూ.

"నేను చెప్పలేదు. అమ్మాయి తప్పు కాదు," అన్నాడు మాస్టరు. నిలబడే, బడిలో పాఠం అప్పజెప్పినట్టు మొత్తం చెప్పాడు. తల్లి, ముప్పై తొమ్మిది. చెల్లెలు, ముప్పై ఆరు, ఎడమ వైపు. వాలు భుజం పేజీ తెరిచి బల్ల మీద పెట్టాడు.

డాక్టరమ్మ ఆ పేజీ వైపు చాలాసేపు చూసింది. "ఇంత స్పష్టంగా తేదీతో సహా మాకు ఎవరూ తెచ్చి ఇవ్వరు మాస్టరు గారూ," అంది. "ఇది లేకపోతే ఆరు నెలలు ఆగి మళ్ళీ రమ్మనేదాన్నేమో. ఇక ఆగను. ఈ రోజే ఇంకో బొమ్మ తీసి, ఆ నీడలోంచి సూదితో చిన్న ముక్క తీస్తాం. ఇది వంశంలో దిగుతోందేమో చూడ్డానికి మీ అమ్మాయి రక్తం కూడా పరీక్షకి పంపిద్దాం."

"నాది ముందు తీసుకోండి," అని మాస్టరు అప్పటికే చొక్కా చెయ్యి మడిచేశాడు. "ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే మొదటి ముక్క నుంచి కొలవాలి కదా."

డాక్టరమ్మ నవ్వింది. అవసరమే పడుతుంది, ఇద్దరిదీ తీసుకుందాం అంది.

సూది పరీక్ష జరుగుతున్నంతసేపూ కత్తెరమ్మ పైకప్పులో ఉన్న పలకలు లెక్కపెట్టింది. చల్లటి జెల్లు, తర్వాత స్టేప్లరు కొట్టినట్టు ఒక చప్పుడు, మళ్ళీ ఇంకో చప్పుడు. మంచం పక్కన గుండీ చెయ్యి. ఆ చెయ్యి తన చెయ్యిలాగే ఉందని, తన చెయ్యి నాన్న చెయ్యిలాగే ఉందని అప్పుడే మొదటిసారి గమనించింది. పరీక్ష అయ్యాక కూతురితో, "ఇకనుంచి నీ దగ్గర ఏదీ దాచను. నువ్వు కూడా దాచకు," అంది. గుండీ తల ఊపి, "మొన్న నీ పెద్ద కత్తెరతో కాగితం కత్తిరించాను," అంది. వేరే రోజైతే, గుడ్డ కత్తెర పదును పోగొట్టే ఆ నేరానికి ఇల్లు ఎగిరిపోయేది.

ఫలితానికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ ఇంట్లో మెషిను చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు. ఎనిమిది ఎడమ చేతులకి జోడుగా ఎనిమిది కుడి చేతులు కత్తిరించి బడి చొక్కాలు ఇచ్చేశారు. ఫోను మోగితే నలుగురూ దానివైపు చూసేవాళ్ళు, ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. చివరికి బుధవారం పదిన్నరకి మోగినప్పుడు ఎత్తింది కత్తెరమ్మే. "ఆఁ," అంది. "ఆఁ. సరే. సరే డాక్టరు గారూ." ఫోను పెట్టేసి, అక్కడే కుట్టు మెషిను ముందున్న పీట మీద కూర్చుంది.

"అది జబ్బు కాదు. హాని లేని గడ్డ," అంది. "కానీ వదిలెయ్యకూడదట. ఆరు నెలలకి ఒకసారి లోపల చూడాలట. రక్తం సంగతి తేలడానికి ఇంకా నెల పడుతుందట. అది తేలాక గుండీ గురించి మాట్లాడదామన్నారు."

ఎవరూ ఎగిరి గంతేయలేదు. లిఫ్టాయన గోడకి ఆనుకుని మెల్లిగా నేల మీద కూర్చున్నాడు. గుండీ తల్లి ఒళ్ళో తల పెట్టింది. భయం పూర్తిగా పోలేదు. కాని ఇప్పుడు దానికి ఒక తేదీ ఉంది, ఒక గది ఉంది, తోడు వెళ్ళడానికి ముగ్గురు మనుషులు ఉన్నారు.

మాస్టరు చిన్న నోటు పుస్తకం తీశాడు. ఈ ఏటి పేజీ మీద "అమ్మాయి" అని రాశాడు. కుడి, ఎడమ రెండు గళ్ళూ ఖాళీగా వదిలేశాడు. కింద సమం అని రాయబోయి ఆగి, కూతుర్ని అడిగాడు.

"ఏం రాయమంటావు?"

"లోపల చూశారు అని రాయి నాన్నా. ఆరు నెలలకి మళ్ళీ చూస్తారు అని రాయి."

ఆయన రాశాడు. అక్షరాలు కాస్త వంకర పోయాయి. కళ్ళజోడు మసకబారిందని తీసి తుడుచుకున్నాడు, అంతేగాని ఏడవలేదు.

ఇక నేను కల్పించిన ముక్క ఏదో చెప్పేయాలి. రైలు కోటు సంగతి ముందే ఒప్పుకున్నాను కాబట్టి అది లెక్కలోకి రాదు. కల్పించింది ఆ చివరి ముక్క. మాస్టరు ఏడ్చాడు. ఆ పేజీ మీద సిరా అలుక్కుపోయి ఆఖరి మాట ఇప్పటికీ సరిగ్గా కనపడదు. ఏడవలేదని రాయమని నన్ను అడిగింది ఆయనే. బదులుగా నా కోటు చంకలు వదులు చేసి పెడతానన్నాడు. చేశాడు కూడా. టేపు పెట్టి, రెండుసార్లు కొలిచి.